మానుట – మారుట

క్రొత్త వస్తువు ఊళ్ళోకి వచ్చినప్పుడు దానికి పేరెవరు పెట్టాలన్నది తెలుగు పండితులకు ఎన్నటికీ తీరని చిక్కు. మనం నిఘంటువులు తిరగవేసేలోగా జనం పేరు పెట్టేసి ఊరుకుంటారు. పొగాకు సంగతే చూడండి. పరదేశం నుంచి వచ్చిన మొక్క. దానికి మనవాళ్ళు సంస్కృత సమాసం ఏదీ వెదకలేదు. పొగ, ఆకు అనే రెండు అచ్చతెనుగు మాటలను కలిపివేశారు. ఆ ఆకును ఏం చేయాలో ఆ పేరులోనే ఉంది. చుట్టినది చుట్ట, పీల్చేది ముక్కుపొడుం. ఇంతకంటె పొదుపైన నామకరణం ఏ భాషలో ఉన్నదో నాకు తెలియదు.

ఇప్పుడు వచ్చిన వస్తువు వేరు. ఆంగ్లంలో వేప్ అంటారు, ఈ-సిగరెట్టు అంటారు. ఇందులో ఆకు లేదు, నిప్పు లేదు, కనుక పొగా లేదు. చిన్న బ్యాటరీ, ఒక తీగచుట్ట, కొంచెం ద్రవం, ఇవే సరంజామా. తీగ వేడెక్కితే ద్రవం ఆవిరియై నోటిలోకి వస్తుంది. శాస్త్రజ్ఞులను అడిగితే అది ఆవిరి కూడా కాదు, అతి సూక్ష్మమైన తుంపర అంటారు. ధూమపానం అనరాదు, బాష్పపానం అనవలసి వస్తుంది. ఆ మాట చూస్తే నాకే భయం వేసింది! చివరకు ‘ఆవిరిచుట్ట’ అని పెట్టుకున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెబితే సంతోషంగా దీనిని ఉపసంహరించుకుంటాను.

ఒక పదవీ విరమణ చెందిన తెలుగు మాస్టారికి ఈ ఆవిరిచుట్టల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా తమ్ముడి ఊపిరి నిమిత్తంగా ఇది మా ఇంటిలోకి వచ్చింది. ఆ కథ చెప్పడానికి ముందు పనిముట్టును గురించి కొంత చెప్పాలి. పొగ త్రాగేవాడికి పొగ ఎంత ముఖ్యమో, దానిని అందించే పనిముట్టు అంత ముఖ్యం. ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు.

చరక సంహిత సూత్రస్థానంలో ధూమపాన ప్రకరణం ఉంది. అందులో పొగాకు లేదు, ఉండడానికి వీలూ లేదు. ఆ మొక్క మన దేశానికి పోర్చుగీసువారి రాక తరువాతనే వచ్చింది. అక్కడ చెప్పినది మూలికలతో చేసిన వర్తి. వర్తి అంటే వత్తి. దానిని నేత్రం అనే గొట్టంలో ఉంచి పీల్చాలి. ప్రయోజనాన్ని బట్టి గొట్టం పొడవు మారుతుంది. వైరేచనిక ధూమానికి 24 అంగుళాలు, స్నైహికానికి 32, నిత్యం వాడే ప్రాయోగికానికి 36. ఈ అంగుళం ఆంగ్లేయుల ఇంచి కాదు సుమా, త్రాగేవాడి వ్రేలి వెడల్పు. దూరం నుంచి వచ్చి, కణుపుల దగ్గర విరిగి, గొట్టంలో పలుచబడిన పొగ ఇంద్రియాలను బాధించదని ఆచార్యుని వివరణ. తరచు వాడేవారికి ఎక్కువ పొడవు గొట్టం! ఎంత వాడతావు, ఎందుకు వాడతావు అన్నదానిని బట్టి పనిముట్టు ఉండాలన్న ఆలోచన అంత పాతది.

అక్బరు కొలువులోకి పొగాకు ప్రవేశించిన ఘట్టంలోనూ పనిముట్టుదే ముఖ్యపాత్ర. అసద్ బేగ్ అనే ఉద్యోగి 1604 ప్రాంతంలో బిజాపూరు నుంచి పొగాకును, దానితో బాటు రత్నాలు పొదిగిన ఒక అందమైన గొట్టాన్ని తెచ్చి చక్రవర్తి ముందుంచాడు. చక్రవర్తి కుతూహలంతో రుచి చూశాడు, హకీము వద్దన్నాడు. కొలువులో వాదోపవాదాలు జరిగాయి. 1617లో జహంగీరు పొగాకును నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆజ్ఞ ఎంతవరకు నిలిచిందో, ఆ తరువాత నాలుగు వందల ఏళ్ళ చరిత్రే సాక్షి.

ఇక మా ఊరికి వస్తాను. మాది ఈపురుపాలెం. చీరాల ప్రక్కన నేతగాళ్ళ ఊరు. 2022 ఏప్రిల్ 4 వరకు ప్రకాశం జిల్లా, ఆ నాటి నుంచి బాపట్ల జిల్లా. నా బాల్యంలో ఊళ్ళో ఎవరు ఏ వృత్తిలో ఉన్నారో వారి పొగను బట్టి చెప్పవచ్చు.

మగ్గం గుంటలో కూర్చున్నవాడికి రెండు చేతులకూ పని, రెండు కాళ్ళకూ పని. ఎదురుగా పడుగు. ఒక్క నిప్పురవ్వ పడితే నెల రోజుల కష్టం కాలిపోతుంది. అందుచేత మగ్గం దగ్గర నిప్పు నిషిద్ధం. త్రాగాలంటే గుంటలోంచి లేచి, నడుము సరిచేసుకొని, అరుగు మీదకు రావాలి. ఆ కాసేపే నేతగాడికి విశ్రాంతి. ‘ఒక బీడీ సేపు’ అనే మాట మా ఇంట గడియారంతో పనిలేని కాలమానం. మా నాన్నగారు చుట్ట కాల్చేవారు. ఆయనది నెమ్మదైన పొగ; చుట్ట ఆరిపోతే విసుక్కోక చెవి మీద పెట్టుకొని, మరల గుంటలోకి దిగి, తరువాతి విరామంలో అదే చుట్ట వెలిగించేవారు. ఒక్క చుట్ట పూటంతా వచ్చేది. బీడీకి ఆ ఓర్పు లేదు. పీలుస్తూ ఉండకపోతే ఆరిపోతుంది. కనుక బీడీ త్రాగేవాడు ఊపిరి తీసినంత తరచుగా పొగ తీయాలి. తునికాకు బీడీ సిగరెట్టు కంటె చిన్నదే గాని, ఊపిరితిత్తులకు తక్కువ కాదని వైద్యులు చెప్పేది అందుకే.

మా బడిలో పెద్ద పంతుళ్ళకు ముక్కుపొడుం. తరగతిలో పొగ పనికిరాదు గనుక పొడుం డబ్బీ. కంపెనీ గుమాస్తాలకు చార్మినారు సిగరెట్టు, కొంచెం పైమెట్టు వారికి సిజర్సు. వాడరేవు ప్రక్కన గాలిలో అగ్గిపుల్ల నిలవదు. జాలరులు రెండు అరచేతులతో గూడు కట్టి వెలిగించే ఒడుపు చూస్తే నాకు ముచ్చట వేసేది.

ఉత్తరాన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వెళ్తే ఇంకొక రీతి. అక్కడి పల్లె స్త్రీలు చుట్టను నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, చుట్ట ఎక్కువ సేపు వస్తుంది, చేతులు పనిలో ఉన్నా నిప్పురాలదు. ఇవన్నీ ప్రయోజనాలే. కాని అంగిలి కాలుతుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, ఈ అలవాటు వలన అంగిలిలో కలిగే మార్పులను వివరించిన పరిశోధన 1971లో వెలువడింది. ఆ వ్యాసాన్ని ప్రపంచంలోని నోటి వైద్యులు ఇప్పటికీ ఉదహరిస్తారు. మన తెలుగు స్త్రీల అంగిళ్ళు ఆ విధంగా శాస్త్రానికెక్కాయి.

ఇంకొక విశేషం. చీరాలలో ఐ.ఎల్.టి.డి. కంపెనీ ఉండేది. 1912లో ఏర్పడిన ఆ సంస్థ గుంటూరు సీమలో వర్జీనియా పొగాకును వ్యాపింపజేసింది. ఆ ఆకును శుద్ధి చేసి, ఆరబెట్టి, ఓడకెక్కించడం చీరాల పని. మా మేనత్త కొన్నేళ్ళు ఆ సీజను పనికి వెళ్ళింది. సాయంత్రం ఇంటికి వస్తే చీర కొంగులో తియ్యని, ఘాటైన వాసన. ఆమె విడదీసిన ఆకు ఏ లండను దొర పెదవుల మీద కాలిందో ఆమెకు తెలియదు. ఆమె అన్న మాత్రం నాటు పొగాకు చుట్టే కాల్చాడు. చీరాల రుమాళ్ళు అరబ్బు దేశాలకు, చీరాల ఆకు సీమకు. ఎవరు పండించి ఎవరు నేసినా, వాడేవాడు వేరొకడు.

ఇప్పుడు ఆ ఓడ తిరుగు ప్రయాణం చేసింది. మా తమ్ముడి కొడుకు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి వెళ్ళిన క్రొత్తలో సిగరెట్లు మరిగాడు. 2019లో వాటిని వదిలి ఆవిరిచుట్టకు మారాడు. 2023 డిసెంబరులో నాకు ఫోను చేసి, “పెదనాన్నా, సంక్రాంతికి వస్తున్నాను. నాన్నగారికి ఒక వేప్ తెద్దామనుకుంటున్నాను. ఆయన నా మాట వినరు. మీరు చెబితే వింటారు” అన్నాడు.

తమ్ముడికి అప్పటికి నలభై ఏళ్ళ బీడీ. రోజుకు కట్టన్నర. రెండేళ్ళుగా ఆయాసం. మెట్లెక్కితే మధ్యలో నిలబడిపోయేవాడు. వైద్యుడు గొట్టంలో ఊదించి పరీక్ష చేసి సి.ఓ.పి.డి. అని వ్రాశాడు. పోయిన ఊపిరి తిరిగి రాదనీ, బీడీ మానితే ఉన్నది నిలుస్తుందనీ చెప్పాడు. అంతకు ముందు మూడుసార్లు మానాడు, మూడుసార్లూ నెల తిరగకుండా మొదలుపెట్టాడు. కుర్రవాడి ఆరాటం నాకు అర్థమైంది. తండ్రి ప్రాణానికి సంబంధించిన విషయం. జవాబు చెప్పే ముందు ఈ పదార్థం ఏమిటో తెలుసుకోవాలనుకున్నాను. ఉద్యోగం పోయినా పాఠం తయారుచేసుకొని తరగతికి వెళ్ళే అలవాటు పోదు గదా.

నిప్పులేని సిగరెట్టుకు 1963లోనే హెర్బర్టు గిల్బర్టు అనే అమెరికా దేశస్థుడు పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1965లో వచ్చింది, కాని ఆ వస్తువు అంగడికి చేరలేదు. నేటి రూపాన్ని 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు తెచ్చాడు. ఆయనా పొగ త్రాగేవాడే. మొదట వచ్చినవి అచ్చం సిగరెట్టును పోలినవి, కొసన నిప్పులాగా చిన్న దీపంతో సహా. తరువాత కలం ఆకారంలో, ద్రవం నింపుకునే తొట్టితో వచ్చినవి. ఆ పైన పెద్ద డబ్బీ రకం, వేడిని తానే సవరించుకొనేది. 2015లో అమెరికాలో జూల్ వచ్చాక పెన్ డ్రైవు ఆకారంలో, ద్రవపు గుళిక తగిలించే రకం. ఇటీవల వాడి పారవేసేవి, రంగురంగులవి.

దేశానికొక రీతి ఉన్నదని గ్రహించాక నాకు ఆసక్తి పెరిగింది. సిగరెట్టు నుంచి బయటపడి రోజూ దీనిని వాడే పెద్దవారు ఎక్కువగా నింపుకునే తొట్టి రకం ఎంచుకుంటారు. అప్పుడప్పుడు వాడేవారికి, పడుచువారికి పారవేసే రకం, గుళిక రకం ఇష్టం. ఇది కొంత అభిరుచి, కొంత ఖర్చు, ఎక్కువ భాగం ఆ దేశపు చట్టం. ఐరోపా సమాజంలో, బ్రిటనులో ద్రవంలో నికోటిను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటరాదు, తొట్టి 2 మిల్లీలీటర్లు మించరాదు. అమెరికాలో ఆ కట్టడి లేనందున జూల్ దాదాపు మూడింతల గాఢతతో వచ్చింది. ఇంగ్లండులో 2023లో ప్రభుత్వమే పది లక్షల మంది పొగత్రాగరులకు ఆవిరిచుట్టలు ఇస్తామని ప్రకటించింది. అదే బ్రిటను 2025 జూన్ 1 నుంచి పారవేసే రకాల అమ్మకాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి మందుల షాపులో తప్ప దొరకదు. జపానులో నికోటిను ద్రవం మందుల చట్టం క్రిందికి వస్తుంది. కనుక అక్కడివారు పొగాకునే కాల్చకుండా వేడిచేసే యంత్రం వైపు మళ్ళారు. 2014లో నగోయాలో మొదలైన ఆ అమ్మకం దేశమంతా వ్యాపించింది. స్వీడనువారు స్నూస్ అనే పొగాకు పొట్లాన్ని పెదవి క్రింద పెట్టుకుంటారు. 1995లో ఐరోపా సమాజంలో చేరినప్పుడు పట్టుబట్టి దానికి మినహాయింపు తెచ్చుకున్నారు. గల్ఫులో మనవాళ్ళు అనేకులున్న యు.ఏ.ఈ. 2019లో ఆవిరిచుట్టల అమ్మకాన్ని అనుమతించింది. సింగపూరు, థాయిలాండు పూర్తిగా నిషేధించాయి.

మన దేశం ఆ రెండింటి వరుసలోనిది. 2019 సెప్టెంబరులో అత్యవసర ఆదేశం, ఆ డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన, అన్నీ నిషిద్ధం. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంట్లో పెట్టుకొని వాడేవాడి వాడకం నేరమని చట్టం చెప్పలేదు గాని, అది ఇంటికి చేరే దారులన్నీ మూసింది. బీడీకట్ట మాత్రం ప్రతి బడ్డీకొట్టులో దొరుకుతుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో బీడీ త్రాగేవారు నూటికి 7.7, సిగరెట్టు వారు 4, నమిలే, పీల్చే పొగాకు వాడేవారు 21.4. అంటే మన దేశపు పనిముట్టు ఇంకా బీడీ, ఖైనీలే.

ఇక్కడ న్యాయం ఏ ప్రక్కన ఉంది? నేను రెండు వైపులా చదివాను. 2019లో ఇంగ్లండులో 886 మంది మీద జరిగిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. సిగరెట్టు మానదలచిన వారిలో కొందరికి నికోటిను బిళ్ళలు, పట్టీలు ఇచ్చారు. మిగిలినవారికి ఆవిరిచుట్ట ఇచ్చారు. ఏడాది తరువాత సిగరెట్టుకు దూరంగా ఉన్నవారు మొదటి వర్గంలో నూటికి 9.9, రెండవ వర్గంలో 18. దాదాపు రెట్టింపు. ఇది చదివి కుర్రవాడిదే న్యాయం అనుకున్నాను. తరువాతి వాక్యం ఆలోచింపజేసింది. అలా మానినవారిలో, బిళ్ళల వర్గంలో నూటికి 9 మందే ఏడాది తరువాత బిళ్ళలు వాడుతున్నారు. ఆవిరిచుట్ట వర్గంలో నూటికి 80 మంది ఇంకా దానినే పీలుస్తున్నారు.

ఈ సంగతి ఫోనులో చెబితే కుర్రవాడు నవ్వాడు. “నిజమే పెదనాన్నా. నేను మానలేదు, మారాను” అన్నాడు.

వ్యాకరణం చెప్పిన చెవికి ఆ మాట గుచ్చుకుంది. మానుట, మారుట. మధ్యనున్న ఒక్క అక్షరం తేడా. కాని కాలే పొగ నుంచి కాలని తుంపరకు మారడం చిన్న విషయం కాదు. తారు లేదు, కార్బను మోనాక్సైడు లేదు. చనిపోయేవాడికి మారడం కూడా మందే. అదే సమయంలో, పొగ ఎరుగని పదహారేళ్ళవాడు మామిడిపండు రుచి ఆవిరితో మొదలుపెడితే దానిని మారడం అనలేము. వాడు దేని నుంచి మారాడు? నా ఉద్యోగం చివరి రోజులలో, పదవ తరగతి పిల్లవాడి సంచిలో ఒక తళతళలాడే వస్తువు దొరికింది. సహోపాధ్యాయుడొకరు పెన్ డ్రైవు అనుకొని కంప్యూటరుకు తగిలించబోయాడు. వాసన చూస్తే పుచ్చకాయ. ఇంట్లో ఎవరూ పొగ త్రాగరు, వాడెన్నడూ బీడీ ముట్టలేదు. కన్యాశుల్కంలో వెంకటేశానికి చుట్ట నేర్పడానికి గిరీశం అనే గురువు ఉండవలసి వచ్చింది. ఈ వస్తువుకు గురువు కూడా అక్కరలేదు, పుచ్చకాయ వాసన చాలు.

ఒకే పనిముట్టు మా తమ్ముడికి మెట్టు, ఆ పిల్లవాడికి గొయ్యి. ప్రపంచ దేశాల చట్టాలన్నీ ఈ ఇద్దరిలో ఎవరిని ముందు చూడాలన్న దగ్గరే విడిపోతున్నాయని నాకు తోచింది. ఇంగ్లండు మా తమ్ముడి వంటి వారిని ముందు చూసింది, తరువాత పిల్లవాడిని చూసి పారవేసే రకాన్ని ఆపింది. మన చట్టం పిల్లవాడిని చూసింది. పిల్లలకు నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాడిగా దానిని తప్పనలేను. అన్నగా మాత్రం, బీడీని బడ్డీకొట్టులో ఉంచి దీనిని మూసిన తలుపు వెనుక పెట్టిన న్యాయం నాకు సగమే అర్థమైంది. ఆ సగాన్ని సగంగానే ఇక్కడ ఉంచుతున్నాను.

కుర్రవాడికి మాత్రం స్పష్టంగా చెప్పాను. “నీవు తేవద్దు నాయనా. విమానాశ్రయంలో పట్టుబడితే నీ ఉద్యోగానికి చేటు. తెచ్చినా ద్రవం అయిపోయాక మీ నాన్న ఎక్కడ కొంటాడు? దొంగ సరుకులో ఏముందో ఎవరికి తెలుసు?” 2019లో అమెరికాలో దొంగ సరుకు ద్రవాలలో, ముఖ్యంగా గంజాయి సారంలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేటు వలన 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారని, 68 మంది మరణించారని చదివి ఉన్నాను. అతడు కొంతసేపు మాట్లాడలేదు. “అయితే నాన్నగారిని అలాగే వదిలేద్దామా?” అన్నాడు. ఆ ప్రశ్నకు ఫోనులో సమాధానం లేదు.

సంక్రాంతికి వచ్చాడు, ఉత్త చేతులతో. తన జేబులోది కూడా అక్కడే వదిలి వచ్చాడు. భోగి నాటి సాయంత్రం అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. కొడుకు ఫోనులో ఆ వస్తువు బొమ్మ చూపాడు. తమ్ముడు మొదట ‘వేప్’ను వేప అని విని, “వేపపుల్లేగా, పొద్దున్నే నములుతున్నా గదరా” అన్నాడు. విషయం తెలిశాక బొమ్మను అటూ ఇటూ త్రిప్పి చూశాడు.

“ఇది చెవి మీద ఆగదు గదన్నయ్యా” అన్నాడు నాతో. తరువాత, “నిప్పు అడిగే పని లేదు, నిప్పు ఇచ్చే పని లేదు. పక్క మగ్గం వాడితో ఏం మాటాడాలి?” అన్నాడు.

ఎన్ని నివేదికలు చదివినా నాకు దొరకని సమాధానం అందులో దొరికింది. తమ్ముడికి బీడీ అంటే నికోటిను ఒక్కటే కాదు. గుంటలోంచి లేచే సాకు, ప్రక్కవాడితో రెండు మాటలు, చెవి మీది బరువు, చేతికి పని. వీటిలో దేనికీ బదులు ఇవ్వకుండా బీడీ ఒక్కటీ లాక్కున్నందుకే మునుపటి మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి.

వైద్యుడి దగ్గరకు ముగ్గురం వెళ్ళాం. నికోటిను చూయింగ్ గమ్ వ్రాశాడు. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకనే ఇస్తారు. దానిని మామూలు గమ్ములాగా నమలరాదు. నాలుగు నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టి ఊరుకోవాలి, ఘాటు తగ్గాక మరల నమలాలి. ఇది విని తమ్ముడి ముఖం విప్పారింది. “జర్దా కిళ్ళీ లాగానే గదా!” ఆవిరిచుట్ట పరాయిదనిపించిన మనిషికి ఇది పరిచయమైన పద్ధతి అనిపించింది. స్వీడనువారి పెదవికీ మా వాడి బుగ్గకూ పెద్ద దూరం లేదన్నమాట.

పనిముట్టు కుదిరింది, మిగిలిన వాటికి బదులు వెదికాం. లేచే సాకు కోసం, గంటకొకసారి లేచి కుండలోని నీళ్ళు త్రాగి రావాలని మరదలు నియమం పెట్టింది. మగ్గం ప్రక్కన కుండ ఉండేది. దానిని అరుగు మీదకు మార్చింది. చెవి మీదకు ఒక లవంగం పుల్ల. త్రాగబుద్ధి వేస్తే లవంగం నోటిలోకి. ప్రక్క మగ్గం వాడికి విషయం చెప్పి, నిప్పు అడగవద్దని, మాటలు మాత్రం మానవద్దని బతిమాలాను. మనసు మరీ లాగినప్పుడు మాట్లాడడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత ఫోను సంఖ్య 1800-11-2356 గోడ మీద సుద్దతో వ్రాశాను. ఆ ఒక్క పని మాత్రం నాకు వృత్తిరీత్యా సులువు.

2024 మార్చికి కట్టన్నర కాస్తా ఆరు బీడీలకు వచ్చింది. వేసవిలో మగ్గం పని తగ్గి మరల పదిహేనుకు పోయింది. దసరాకు నాలుగు. 2025 ఉగాది నాడు ఉన్న కట్టను పొయ్యిలో వేశాడు. ఇది వ్రాసే నాటికి తిరిగి ముట్టలేదు. ఆయాసం పోలేదు, పీల్చే మందు పోలేదు. వైద్యుడు చెప్పినట్లే పోయినది రాలేదు. కాని మెట్ల మధ్యలో నిలబడడం తగ్గింది. నిన్న నాతో బాటు మా ఊరి స్ట్రెయిట్ కట్ కాలువ గట్టు వరకు ఆగకుండా నడిచాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోనులో తండ్రి కొడుకును అడుగుతాడు, “నేను మానాను, నువ్వు ఎప్పుడు మానతావు?” అని. కుర్రవాడు నింపుకునే రకం వాడుతున్నాడు గనుక ద్రవం గాఢతను 20 నుంచి 10కి, 10 నుంచి 6కు దించుకున్నాడట. మారినవాడు మానడానికి ఇంకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకుంటున్నాడు. తండ్రి ఆ లెక్కను క్యాలెండరు మీద వ్రాసుకుంటున్నాడు.

మీ మీ ఊళ్ళలో ఏ వృత్తివారికి ఏ పొగ అలవాటో, దానికి వాడే మాటలేమిటో, మానినవారు బదులుగా ఏమి పట్టుకున్నారో తెలిసినవారు వ్రాయగలరు. ముఖ్యంగా చివరిది. మా తమ్ముడి ప్రక్క మగ్గం వాడు నిన్న నన్ను విడిగా పిలిచి, లవంగం గాక ఇంకేదైనా ఉన్నదా అని అడిగాడు.